పాయింట్ 32 రివాల్వర్‌కు మూత ఉన్న తోలు హోల్‌స్టర్: కొనేముందు చూడాల్సినవి

హైదరాబాద్ ఆయుధాల దుకాణాల్లో నడుముకు కట్టుకునే హోల్‌స్టర్లు, అంటే తుపాకీ ఒరలు అడిగితే ముఖ్యంగా మూడు రకాలు: పైన తెరిచి ఉండే తోలుది, ఏ సైజుకైనా సరిపోతుందని అమ్మే నైలాన్‌ది, పిడి మీదికి మూత దిగే తోలుది. లైసెన్సుదారు కొనదగ్గది మూడోదే.

కారణం చట్టంలోనే ఉంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం బయట నలుగురిలో తిరిగేటప్పుడు తుపాకీ పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాళ్ల అదుపులో ఉండాలి. పైన తెరిచిన హోల్‌స్టర్ కట్టుకుని స్కూటర్ దిగితే చొక్కా పైకి లేచి పిడి బయటపడుతుంది. అది లైసెన్స్‌కే ముప్పు.

పోలీసులు ఎప్పుడు ఆపవచ్చన్న దానిపై చాలామందికి అపోహ ఉంది. అమెరికా వీడియోలు చూసి, అనుమానం లేనిదే అడగకూడదనుకుంటారు. ఒహాయో రాష్ట్రంలో తుపాకీ కనబడేలా మోయడం చట్టబద్ధం కాబట్టి, కేవలం దాన్ని చూసి ఆపడం కుదరదని 2015లో అక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పిన మాట నిజమే. మన దగ్గర అది చెల్లదు. 1959 ఆయుధాల చట్టం 19వ సెక్షన్ కింద ఆయుధం మోస్తున్న ఎవరినైనా లైసెన్స్ చూపించమని ఏ పోలీసు అధికారి అయినా అడగవచ్చు, అనుమానం ఉండాలన్న షరతు లేదు. చూపించలేకపోతే పేరు, చిరునామా అడుగుతారు, అవసరమనుకుంటే ఆయుధం స్వాధీనం చేసుకుంటారు. పేరు చెప్పకపోయినా, తప్పుడు పేరని అనుమానం వచ్చినా వారెంట్ లేకుండానే అరెస్టు చేయవచ్చు. 20వ సెక్షన్ వేరు: మోసే తీరు చూసి నేరానికి వాడతారన్న సహేతుకమైన అనుమానం కలిగితే నేరుగా అరెస్టే.

అందుకే లైసెన్స్ పుస్తకం హోల్‌స్టర్‌కు అవతలి వైపు జేబులో ఉంచాలి. నాకాబందీలో (పోలీసుల రోడ్డు తనిఖీలో) ఆపితే చేతులు కనబడేలా పెట్టి, ముందు నోటితో చెప్పి, తర్వాత పుస్తకం తీయాలి. మూత మీద చెయ్యి వేయకూడదు. ఆయుధం తీసుకుంటే దాని నంబరు, తూటాల లెక్క రాసిన రసీదు అడిగి తీసుకోవాలి.

ఇక వస్తువు సంగతి. రివాల్వర్ మోడల్ చెప్పి కొంటే మోసపోతారు. లైసెన్స్‌తో పాటు ఆయుధాన్నే దుకాణానికి తీసుకెళ్లి, తూటాలు పెట్టే ఆరు గదులూ ఖాళీ అని చూసుకుని హోల్‌స్టర్‌లో పెట్టించాలి. మూత పిడి చివరిదాకా రావాలి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ, అంటే ట్రిగ్గర్ గార్డ్ పూర్తిగా లోపలికి పోవాలి. కూర్చుని, వంగి, లేచి చూడండి. టిచ్ బటన్ ఒక్కసారి ఊడినా ఆ పీస్ వద్దు. బెల్ట్ లూప్ వదులైతే హోల్‌స్టర్ ముందుకు జారుతుంది, కాబట్టి మీ బెల్టుతోనే సరిచూడండి. నైలాన్‌లో అసలు లోపం మెత్తదనం: ట్రిగ్గర్ గార్డ్ దగ్గర గుడ్డ లోపలికి నొక్కుకుంటుంది. అది ప్రమాదం.

తోలుకూ ఒక లోపముంది. ఆషాఢం నుంచి తేమ పీల్చుకుంటుంది. రాత్రి ఆయుధాన్ని అందులోనే వదిలేస్తే బారెల్ మీద తుప్పు మచ్చలు, తూటాల ఇత్తడి మీద పచ్చ చిలుము వస్తాయి. ఇంటికి రాగానే రివాల్వర్‌ను బయటికి తీసి, తుడిచి, పల్చగా నూనె రాసి తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. హోల్‌స్టర్‌ను నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే బిగుసుకుపోయి మూత సరిగ్గా మూసుకోదు.