సాల్మన్ కోసం కొన్న క్యాస్ట్ ఐరన్ పెనం, మూడు నెలల తర్వాత

పిల్ల పుట్టినరోజుకి ఇందిరానగర్‌లో ఓ జపాన్ హోటల్‌కి వెళ్లాం. కాలే ఇనప పలక మీద మన ఎదురుగానే వండి పెట్టే రకం, టెప్పన్యాకి అంటారు. సాల్మన్ ముక్క నోట్లో పెట్టుకున్నది మొదలు పిల్లకి అదే గొడవ, బిల్లు చూసిన నాకు ఇంకో గొడవ. ఆ రాత్రే పది అంగుళాల పెనం ఆర్డర్ పెట్టా. పదిహేడు వందలు.

బరువు రెండు కిలోల పైమాటే. మా ఆవిడ ఓసారి ఎత్తి చూసి, "ఇది పెనమా, తిరగలా?" అంది. సీజనింగ్ (అంటుకోకుండా నూనె కాల్చి పట్టించే పూత) చేసే అమ్ముతున్నామని డబ్బా మీద ఉంది గానీ, మొదటి రోజు వేసిన గుడ్డుని గరిటెతో గీకి తీశా. అవ్వ దోసె పెనానికి చేసినట్టు నూనె పూసి మూడు నాలుగు సార్లు కాల్చాక దారికొచ్చింది.

చేప దగ్గర ఇంకో దెబ్బ. యాప్‌లో సాల్మన్ అని చూసి తెప్పిస్తే తెల్లటి కండ వచ్చింది. పేరుకి ముందు ‘ఇండియన్’ అని ఉంది, నేనే చూసుకోలేదు. అది మన మాగ చేప! సాల్మన్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. నెల్లూరోళ్లం కదా, పులుసు పెట్టేశాం. రెండోసారి నార్వే అని చూసి కొన్నా, రెండు వందల గ్రాముల ముక్క ఏడొందలు.

ఇంటర్నెట్‌లో ఈ టెప్పన్యాకి వంటని హిబాచి అంటున్నారు. జపాన్‌లో హిబాచి అంటే బొగ్గుల కుంపటి. 1964లో న్యూయార్క్‌లో బెనిహానా అనే హోటల్ తెరిచాక ఈ ఇనప పలక వంట అమెరికాలో బాగా పాకింది, పేరు మాత్రం అక్కడ కుంపటిదే అంటుకుంది.

అసలు పనంతా తడి తుడవడంలో ఉంది. ముక్కని టిష్యూతో పొడిగా అద్ది, ఉప్పు కొద్దిగానే వెయ్యండి, చివర్లో పోసే సోయా సాస్‌లో ఎలాగూ ఉంటుంది. ఖాళీ పెనం మీద నీటి చుక్క గోళీలా దొర్లేదాకా కాలనిచ్చి, చెంచాడు నూనె పోసి, తోలు వైపు కిందకి పెట్టి పది సెకన్లు నొక్కాలి, లేకపోతే తోలు ముడుచుకుపోతుంది. ఆ తర్వాత చెయ్యి పెట్టకూడదు. నేను మొదటిసారి ఆగలేక కదిపితే తోలంతా పెనానికే మిగిలింది. నాలుగైదు నిమిషాలకి అదే వదులుతుంది. పక్కనుంచి చూస్తే నారింజ రంగు కిందనుంచి పైకి పాలిపోతూ వస్తుంది, మూడొంతుల్లో రెండు పాలిపోగానే తిప్పండి. ఇంకో నిమిషం చాలు. తెల్లగా విరిగిన పాలలాంటిది పైకి ఉబికిందంటే ఎక్కువ ఉడికినట్టే.

స్టవ్ కట్టేశాకే వెన్న, వెల్లుల్లి, సోయా. ఇనుములో వేడి అంత తొందరగా దిగదు, మంట మీద పోస్తే సోయా మాడి చేదెక్కుతుంది. చివర నిమ్మరసం. పిల్ల హోటల్‌తో సమానం అంది, నేనైతే అంతకంటే మేలంటా.

లోపాలూ ఉన్నాయి. పిడి కూడా నిప్పులా కాలుతుంది, గుడ్డ లేకుండా పట్టుకుని రెండు వేళ్లు బొబ్బలెక్కించుకున్నా. మా ఇండక్షన్ మీద నడుమే కాలుతుంది, అంచులు చల్లగా ఉంటాయి, గ్యాసే నయం. చింతపండు పులుసు మాత్రం పెట్టకండి. నేను పెట్టా. నల్లగా, ఇనప వాసనతో వచ్చింది, సీజనింగ్ మళ్లీ మొదటికొచ్చింది.

అయిదుకి నాలుగు ఇస్తున్నా, కోసిన ఒకటీ పిడికి. మొన్న అమ్మ ఫోన్‌లో దాని మీద దోసె వస్తుందా అని అడిగింది. వస్తుంది, కాకపోతే చేప వాసనొస్తుంది.