చుక్క పెట్టగానే పేర్లు రావాలంటే: నియోవిమ్, పైరైట్‌లతో నా అనుభవం

కోడ్ రాసుకునే ఎడిటర్ నియోవిమ్ 0.5 వెర్షన్ వచ్చింది 2021 జులైలో. లాంగ్వేజ్ సర్వర్‌తో (కోడును చదివి ఎడిటర్‌కు పేర్లు, తప్పులు అందించే ప్రోగ్రాం) మాట్లాడే ఏర్పాటు ఎడిటర్‌లోనే ఉందని తెలిసి, ఆ ఏడాదే పైథాన్ పనికి అలాంటి సర్వర్ పైరైట్‌ను జతచేసుకున్నాను. అప్పటి నుంచి నా రోజువారీ కోడంతా ఈ జోడీతోనే రాస్తున్నాను. వేరేదానికి మారాలని ఒక్కసారీ అనిపించలేదు.

మొదటి వారం మాత్రం చాలా విసుగు పుట్టింది. ప్రోగ్రాం చక్కగా నడుస్తోంది, ఎడిటర్‌లో చూస్తే పాండాస్ (పట్టికల డేటాకు వాడే పైథాన్ లైబ్రరీ) ఇంపోర్ట్ కింద తప్పని గీత. పాండాస్‌కు పొట్టి పేరైన పీడీ రాసి చుక్క పెడితే ఒక్క పేరూ రాదు. ప్లగిన్లు తీసి మళ్లీ వేశాను, సెట్టింగులన్నీ తిరగరాశాను, రెండు సాయంత్రాలు పోయాయి. తప్పు వాటిలో లేనే లేదు. పాండాస్ ఉన్నది ప్రాజెక్టు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఆ ప్రాజెక్టుకే విడిగా పెట్టుకున్న పైథాన్), పైరైట్ చూస్తున్నది సిస్టమ్‌లోని పైథాన్‌ను. టెర్మినల్‌లో ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేసి, అక్కడి నుంచే నియోవిమ్ తెరవగానే పాండాస్ ఫంక్షన్ రీడ్-సీఎస్‌వీతో సహా పేర్లన్నీ వరుసకట్టాయి. తర్వాత ప్రాజెక్టులోనే పైరైట్ కాన్ఫిగ్ ఫైలు పెట్టి, వెన్వ్ (అదే, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్) ఎక్కడుందో, దాని పేరేమిటో రెండు వరుసల్లో రాసుకున్నాను. ఇక ఎక్కడి నుంచి తెరిచినా ఇబ్బంది లేదు. ఆటోకంప్లీట్ (ఇలా పేర్లు వాటంతటవే కనిపించడం) రావడం లేదని ఎవరు అడిగినా, అది ఏ పైథాన్‌ను చూస్తోందో ముందు కనుక్కోమంటాను.

పైరైట్ అసలు విలువ టైప్ హింట్లు (ఏది ఏ రకమో కోడులో చెప్పే గుర్తులు) రాయడం మొదలుపెట్టాకే తెలిసింది. ఆర్డర్ల జాబితాను అందుకునే ఫంక్షన్ ఒకటి ఉందనుకోండి. పారామీటర్‌కు పేరు మాత్రమే ఇస్తే, లోపల ఒక్కో ఆర్డర్ పక్కన చుక్క పెట్టినా పైరైట్ ఏమీ చెప్పలేదు, అది ఏ రకం వస్తువో దానికి తెలియదు కదా. అదే పారామీటర్ పక్కన కోలన్ పెట్టి 'ఆర్డర్ల లిస్ట్' అని టైపు రాస్తే, ధర, పరిమాణం, తేదీ అన్నీ వెంటనే కనిపిస్తాయి. పది అక్షరాల శ్రమ! పాత ప్రాజెక్టుల్లో కూడా నేను ముందు ఫంక్షన్ల తల వరుసలకే హింట్లు రాస్తాను. లోపలి వేరియబుల్స్‌ రకాలు చాలావరకు అదే ఊహించుకుంటుంది.

పైరైట్ కోడును నడపదు, చదువుతుంది. అందుకే సీఎస్‌వీ నుంచి వచ్చిన కాలమ్ పేర్లు దానికి తెలిసే వీలు లేదు. సీ భాషలో రాసి కంపైల్ చేసిన మాడ్యూళ్లకూ స్టబ్ ఫైళ్లు (పేర్లు, రకాలు మాత్రమే రాసి ఉంచేవి) ఉంటేనే పేర్లు వస్తాయి. ఇది లోపమని నేను అనను, దాని పద్ధతి అంతే. డేటాను తడిమి చూడాల్సిన రోజున పక్కన ఐపైథాన్ (కోడును అప్పటికప్పుడు నడిపి చూసుకునే పైథాన్ షెల్) తెరుచుకుంటాను. అక్కడ పట్టిక మెమరీలో సజీవంగా ఉంటుంది కాబట్టి, చుక్క పెట్టి ట్యాబ్ నొక్కితే కాలమ్ పేర్లూ వస్తాయి.

కొత్తగా మొదలుపెట్టేవారు నియోవిమ్ 0.11 లేదా ఆ తర్వాతి వెర్షన్ వేసుకోండి. ఆటోకంప్లీట్ అందులోనే ఉంది, విడిగా ప్లగిన్ వెతుక్కోనక్కర్లేదు.