టోక్ పిసిన్ 'బుక్ బైబెల్': మేము, మనం తేడా తెలిసిన పాఠకుడికి

పాపువా న్యూ గినీలో సుమారు 840 భాషలున్నాయి. కొండ దాటితే మాట మారిపోయే ఆ దేశంలో ఊళ్లను కలిపే భాష టోక్ పిసిన్. అందులో కొత్త నిబంధన 1969లో, పూర్తి బైబిల్ 'బుక్ బైబెల్' 1989లో వచ్చాయి. ద్వితీయ ప్రామాణిక గ్రంథాలు (కతోలిక బైబిల్లో ఉండి ప్రొటెస్టెంట్ బైబిల్లో లేని పుస్తకాలు) చేర్చిన ముద్రణ కూడా ఉంది కాబట్టి కతోలికులు కొనేముందు విషయసూచిక చూసుకోవాలి.

టోక్ పిసిన్ మాటలు చాలావరకు ఇంగ్లీషు నుంచి వచ్చినవే కాబట్టి ఇంగ్లీషు వచ్చినవాళ్లు దీన్ని తెరవగానే 'ఇదంతా తెలిసిందేగా' అనుకుంటారు. చిక్కంతా అక్కడే. యోహాను 3:16లో 'తుమాస్' కనిపిస్తుంది. దాన్ని ఇంగ్లీషు 'టూ మచ్' అనుకుంటే దేవుడు లోకాన్ని మితిమీరి ప్రేమించాడని అర్థం వస్తుంది. టోక్ పిసిన్‌లో ఆ మాటకు 'ఎంతో' అని మాత్రమే అర్థం. 'కిలిమ్' అంటే కొట్టడం, ప్రాణం తీయడానికి 'కిలిమ్ ఇ దై' అనాలి. ఈ రెండూ తెలియకుండా పాత నిబంధన చదివితే శవాల లెక్క తప్పుతుంది!

తెలుగువాళ్లకు ఈ పుస్తకంలో ఒక సౌలభ్యం ఉంది. ఇంగ్లీషులో 'వుయ్' ఒక్కటే. టోక్ పిసిన్‌లో వినేవాణ్ణి కలుపుకుంటే 'యుమి', వదిలేస్తే 'మిపెలా', అచ్చం మన మనం, మేము లాగే. పరలోక ప్రార్థన 'పాపా బిలోంగ్ మిపెలా' అని మొదలవుతుంది. తెలుగులో 'మా తండ్రీ' అనడానికి, 'మన తండ్రీ' అనకపోవడానికి ఉన్న కారణమే ఇక్కడా ఉంది: ప్రార్థన వినే దేవుడు ఆ 'మా'లో లేడు. గ్రీకు మూలంలో ఈ తేడా లేదు గనుక అనువాదకులు ప్రతి చోటా ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే. కొత్త నిబంధనలో పౌలు సంఘాలకు రాసిన పత్రికలు (ఉత్తరాలు) చదివేటప్పుడు ఈ రెండు మాటల మీద కన్నేసి ఉంచితే, పౌలు ఎక్కడ పాఠకుల్ని తనతో కలుపుకున్నాడని అనువాదకులు భావించారో తెలిసిపోతుంది. ఇంగ్లీషు బైబిల్ ఆ సంగతి చెప్పలేదు.

పుస్తకాల పేర్లు మాత్రం మొదట తికమక పెడతాయి. ఆదికాండం 'స్టాట్', నిర్గమకాండం 'కిసిమ్ బెక్', లేవీయకాండం 'వోక్ ప్రిస్', న్యాయాధిపతులు 'హెట్‌మన్', విలాపవాక్యాలు 'క్రై', అపొస్తలుల కార్యాలు 'అపోసెల్'. యాప్‌లో ఇంగ్లీషు పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు, వరుసను బట్టి వెళ్లడం మేలు. యూవర్షన్ అనే బైబిల్ యాప్‌లో ఈ బైబిల్ ఉచితం.

భాష పల్లె వాడుకకు దగ్గర. పట్నాల్లో ఇప్పుడు ఇంగ్లీషు మాటలు బాగా కలిపి మాట్లాడుతున్నారు, అందుకే కుర్రకారుకు ఇది కాస్త పాతగా వినిపిస్తుంది. అదేమంత లోపం కాదు. నేర్చుకునేవాళ్లకు పల్లె టోక్ పిసినే శుభ్రమైన పునాది.

దేశమంతటికీ ఇదొక్కటే చాలదు. 1884లో ఉత్తరాన్ని జర్మనీ, దక్షిణాన్ని బ్రిటన్ పంచుకున్నాయి. టోక్ పిసిన్‌కు ఉత్తరం పట్టు. అక్కడి జర్మన్ల 'రౌస్' నుంచే 'రౌసిమ్' (తరిమెయ్) వచ్చింది. దక్షిణాన పోలీసుల నోట హిరి మోటు అనే మరో వ్యవహార భాష పాకింది. 1975లో స్వాతంత్ర్యం వచ్చాక రెండూ ఇంగ్లీషుతో పాటు అధికార భాషలయ్యాయి. కాబట్టి పోర్ట్ మోర్స్‌బీ వైపు పెద్దవాళ్లకు ఇవ్వాలంటే హిరి మోటు బైబిలే సరైనది.

అక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంది. మోటు వేరు, హిరి మోటు వేరు. మోటు పోర్ట్ మోర్స్‌బీ తీరంలో ఉండేవాళ్ల సొంత భాష, అందులో కొత్త నిబంధన 1891లోనే వచ్చింది. హిరి మోటు దాన్నుంచి పుట్టిన సరళ వ్యవహార భాష. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు పేరుకన్నా మూడక్షరాల భాషా సంకేతాన్ని నమ్మండి: టోక్ పిసిన్‌కు టీపీఐ, హిరి మోటుకు హెచ్‌ఎమ్‌ఓ, మోటుకు ఎమ్‌ఈయూ. పీఐఎస్ కనిపిస్తే అది సోలమన్ దీవుల పిజిన్, బీఐఎస్ అయితే వనువాటు బిస్లామా. రెండూ చూపుకు టోక్ పిసిన్‌లాగే ఉంటాయి, ముఖ్యంగా అట్ట మీద.