వర్చువల్ మెమొరీ ఎర్రర్ అనగానే ర్యామ్ అంటగడుతున్నారు, విజయనగరం డీటీపీ, స్టూడియో వాళ్ళు జాగ్రత్త

మన విజయనగరంలో, ఇటు బొబ్బిలి, చీపురుపల్లి సైడు ఇంకా పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, ఎప్పటివో ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ల మీదే పని లాగించేస్తున్నవాళ్ళం చాలామందిమే ఉన్నాం కదా, వాళ్ళ కోసమే ఇది. కొత్త సిస్టంలో పాత ప్రోగ్రాం తెరిస్తే "వర్చువల్ మెమొరీ చాలదు" అని బాక్స్ వస్తే ఎవరేం చెప్పినా ముందు ర్యామ్ కొనకండి.

సిరిమానోత్సవం దగ్గరపడి కరపత్రాల పని నెత్తి మీదున్న టైంలో టౌన్లోనే ఒక షాపులో, పేరు రాయను, సిస్టం తీసుకున్నా. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, విండోస్ 10 వేసిచ్చారు. పాత 2 జీబీ డబ్బా మీద బానే నడిచిన ఆల్బమ్ ప్రోగ్రాం దీని మీద నోరు తెరవగానే ఆ మెసేజ్, బిల్లింగ్ ప్రోగ్రాందీ అదే వరస. పట్టుకెళ్తే అక్కడి కుర్రోడు ఒక్క సెట్టింగ్ కూడా తెరవకుండా "ర్యామ్ సాల్లేదన్నా, ఇంకో 8 వేసెయ్" అన్నాడు. వేశాడు, డబ్బులు తీసుకున్నాడు, తెల్ల కాయితం మీద పెన్నుతో అంకె రాసిచ్చాడు. తెరిస్తే మళ్ళీ అదే బాక్సు. మళ్ళీ వెళ్తే "సాఫ్ట్‌వేర్ పాతదన్నా, ఫార్మాట్ కొడదాం, సర్వీస్ ఛార్జ్ వేరే", మరి ర్యామ్ వెనక్కి తీసుకోమంటే సీల్ తీసేశాం కుదరదంట. సీల్ తీసింది ఎవరు బాబూ?

తీరా చూస్తే ఏటంటే, సిస్టం ఇచ్చేటప్పుడే వాళ్ళు పేజింగ్ ఫైల్ ఆపేశారు. ఎస్ఎస్‌డీ బేగి పాడవకుండా అంట! ర్యామ్ నిండినప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే చోటు అది, ఆ బాక్సులో చాలదన్న వర్చువల్ మెమొరీ వచ్చేది దాన్నుంచే, అది లేకపోతే ఎంత ర్యామ్ ఉన్నా కొన్ని పాత ప్రోగ్రాములు ఒప్పుకోవు. స్టార్ట్‌లో అడ్వాన్స్‌డ్ సిస్టం సెట్టింగ్స్ అని వెతికి, పెర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, మళ్ళీ అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమొరీ దగ్గర ఛేంజ్ నొక్కండి. నాకు అక్కడ సీ డ్రైవ్ పక్కన "నో పేజింగ్ ఫైల్" అని టిక్కు కనపడింది. సిస్టం మేనేజ్డ్ సైజ్ పెట్టి, సెట్ నొక్కి (ఇది నొక్కకుండా ఓకే కొడితే మార్పు ఎక్కదు), రీస్టార్ట్ చేస్తే ఆల్బమ్ ప్రోగ్రాం చక్కగా తెరుచుకుంది. దమ్మిడీ ఖర్చు లేదు.

బిల్లింగ్ దాని గొడవ వేరు. ఆ కాలం ప్రోగ్రాములు మెమొరీ ఎంతుందని విండోస్‌ని అడిగే పాత పద్ధతి ఒకటుంది, 4 జీబీ దాటితే అది తప్పు లెక్క ఇస్తుంది, ఒక్కోసారి మైనస్ 1 అని కూడా, దాంతో ఉన్నది ఎక్కువై ప్రోగ్రాం ఏమీ లేదనుకుంటుంది, ఇంక దానికి ఇంకో 8 వేస్తే ఏం లాభం చెప్పండి. ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలో విండోస్ ఎక్స్‌పీ పెడితే నాకు పనిచేసింది, మీకు కాకపోతే విండోస్ 98 పెట్టి చూడండి. అసలు 32 బిట్ ప్రోగ్రాం మామూలుగా 2 జీబీ మించి వాడుకోలేదు, మీ సిస్టంలో 16 ఉన్నా 32 ఉన్నా దానికి ఒకటే.

ఏం కొన్నా జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి, మాట తేడా వస్తే 1915 కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్ళు కంప్లైంట్ రాసుకుంటారు, చేతిరాత కాయితంతో షాపువాడితో వాదించడం కష్టం. ఇంకోటి, ఇన్‌స్టాలర్ 16 బిట్‌దైతే (బాగా పాత కాలం రకం) ఇప్పటి 64 బిట్ విండోస్ మీద అది మామూలుగా ఎక్కదు, వర్చువల్‌బాక్స్‌లో (సిస్టం లోపలే ఇంకో సిస్టం నడిపే ప్రోగ్రాం) ఎక్స్‌పీ వేసుకుని నడుపుకోవచ్చు, దానికి కూడా ర్యామే మందు అని ఎవరైనా అంటే ఆ షాపు మెట్లు దిగి వచ్చేయండి.