రంగు చిలుకల దుకాణం: బడ్జీలకు పూర్తి మార్కులు, లవ్ బర్డ్స్‌కు సగమే

హైదరాబాద్‌లో మల్కాజిగిరి వైపు ఒక మేడ మీద, యజమాని స్వయంగా జతలు కట్టి పిల్లలు తీసి అమ్మే ఈ చిన్న దుకాణంలో చార్మినార్ దగ్గరి పక్షుల బజారు ముర్గీ చౌక్‌లో ఉండే సందడి గానీ, అన్ని రకాలు గానీ లేవు. బడ్జీలు, కాక్‌టీల్స్, ఆఫ్రికన్ లవ్ బర్డ్స్ అనే మూడు రకాల పెంపుడు చిలుకలు మాత్రమే దొరుకుతాయి. అయినా మ్యుటేషన్ పక్షుల కోసం, అంటే జన్యువు మారి రంగు మారిన పక్షుల కోసం వెతికేవారికి నేను ముందుగా ఈ చోటునే చెబుతాను. ఇక్కడ ప్రతి పంజరానికీ ఒక అట్టముక్క కట్టి ఉంటుంది. పక్షి కాలి రింగు నంబరు, పుట్టిన నెల, తల్లిదండ్రుల రంగులు, వాటిలో బయటికి కనిపించకుండా దాగి ఉన్న రంగులు బాల్‌పెన్నుతో దాని మీద రాసి ఉంటాయి. బజారులో ఆరేడు వందలకు వచ్చే బడ్జీ జతకు ఇక్కడ వెయ్యికి పైనే అడుగుతారు. ఆ తేడా అట్టముక్కకే చెల్లిస్తున్నామని నేను సరిపెట్టుకున్నాను.

అట్టముక్కకు అంత విలువ ఎందుకో తెలియాలంటే బడ్జీ రంగు ఎలా ఏర్పడుతుందో కొంత తెలియాలి. ఆస్ట్రేలియా అడవి బడ్జీ ఆకుపచ్చగా ఉంటుంది. 1840లో జాన్ గౌల్డ్ ఇంగ్లండ్‌కు ప్రాణంతో తీసుకువెళ్లినవీ అలాంటివే. ఆ ఈకలో ఆకుపచ్చ వర్ణకమంటూ ఏదీ లేదు. ఈకలోని సూక్ష్మమైన నిర్మాణం వెలుతురును చెదరగొట్టడం వల్ల నీలం పుడుతుంది, దాని వెనుక ఉన్న మెలనిన్ ఆ నీలాన్ని గాఢంగా కనిపించేలా చేస్తుంది, పైన చిలుకల జాతిలో మాత్రమే ఉండే పసుపు వర్ణకం కలిసి మనకు ఆకుపచ్చగా అగుపిస్తుంది. ఆ పసుపును తయారుచేసే ఎంజైము జన్యువులో ఒక్క మార్పు జరిగితే పక్షి నీలంగా పుడుతుందని 2017లో పరిశోధకులు తేల్చారు. యజమాని రాలిపడిన నీలి ఈక ఒకటి తీసి నా చేతిలో పెట్టి, దాని వెనుక నుంచి మొబైల్ టార్చి వేశారు. నీలమంతా మాయమై, ఈక మట్టిరంగులోకి తిరిగింది. ఇంత ఓపికగా చూపించే అమ్మకందారు దొరకడం కష్టం.

నీలం కావాలంటే పిల్లకు తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు రావాలి. ఒక్కరి నుంచే వస్తే పక్షి ఆకుపచ్చగానే కనిపిస్తూ నీలాన్ని లోపల మోస్తుంది. దీన్నే పెంపకందార్లు స్ప్లిట్ అంటారు. రెండు స్ప్లిట్ పక్షులను జతకడితే సగటున నాలుగింట ఒక పిల్ల నీలంగా, మూడు ఆకుపచ్చగా వస్తాయి, ఆ మూడింటిలో రెండు స్ప్లిట్ అవుతాయి గానీ ఏవి ఆ రెండో చూసి చెప్పలేం. అందుకే అట్టముక్క మీద అలాంటి పిల్లకు "స్ప్లిట్" అని కాక "66 శాతం స్ప్లిట్" అని రాస్తారు. అమ్మేవాడు తన సరుకు గురించి ఇంత తగ్గించి రాసుకోవడం నాకు నచ్చింది.

లుటినో లెక్క వేరు. మెలనిన్ లేక పసుపు మాత్రమే మిగిలిన ఎర్రకళ్ల పక్షి అది. పసుపు కూడా లేకపోతే తెల్లటి అల్బినో అవుతుంది. ఈ జన్యువు లింగ క్రోమోజోము మీద ఉంటుంది. పక్షుల్లో మగదానికి జెడ్ క్రోమోజోములు రెండు, ఆడదానికి ఒకటే. కాబట్టి ఆడపక్షిలో లుటినో దాగి ఉండే వీలే లేదు. "ఆడదాంట్ల ఇది దాగదు సార్, ఉంటే పైకే కనబడతది" అని యజమాని ఒక్క ముక్కలో తేల్చేశారు. "లుటినో స్ప్లిట్ ఆడపక్షి" అని ఎక్కడైనా అమ్మజూపితే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది. ఈ సూత్రంతో మరో లాభం కూడా ఉంది. లుటినో మగదానికి మామూలు ఆకుపచ్చ ఆడదాన్ని జతకడితే పుట్టే పసుపు పిల్లలన్నీ ఆడవే, ఆకుపచ్చవన్నీ మగవే. పెద్దయ్యాక కూడా లుటినో మగదాని ముక్కు పైభాగం మామూలు మగ బడ్జీలకు వచ్చినట్లు నీలంగా మారదు కనుక ముక్కు చూసి పోల్చడం కష్టం, ఆడామగా తేల్చే ఆ డీఎన్ఏ పరీక్ష ఖర్చు ఇలాంటి జతలో పూర్తిగా తప్పుతుంది. స్పాంగిల్ అనే మరో రంగు మార్పు జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన పక్షి కూడా దాదాపు నిండు పసుపుగా వస్తుంది గానీ దాని కళ్లు నల్లనివి. ఇక్కడ వాటిని వేరే పంజరంలో, వేరే ధరకు పెట్టారు.

కాక్‌టీల్స్ దగ్గర మాత్రం ఇంత జాగ్రత్త కనిపించలేదు. లుటినో కాక్‌టీల్‌ను తరతరాలుగా లుటినోతోనే జతకడితే తలమీది కుచ్చు వెనుక ఈకలు మొలవని బట్టతల మచ్చ పెద్దదవుతూ వస్తుందని పెంపకందార్లకు తెలిసిన సంగతే, మధ్యలో బూడిదరంగు పక్షిని కలపడం మంచి పద్ధతి. నేను చూసిన పిల్లల్లో చాలావాటికి వేలి గోరు కన్నా పెద్ద మచ్చ ఉంది. వాటి అట్టల మీద తల్లి లుటినో, తండ్రి లుటినో. ధరలో తగ్గింపు లేదు, అడిగేదాకా మచ్చ ప్రస్తావనా లేదు.

లవ్ బర్డ్స్ విషయంలో ఫిర్యాదు మరింత గట్టిది. పీచ్‌ఫేస్ రకం, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు జాబితాలో లేదు, కానీ ఫిషర్ రకం ఉంది. జాబితాలో ఉన్న విదేశీ జాతుల పక్షులను, వాటికి పుట్టిన పిల్లలను, అవి చేతులు మారడాన్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024 నిబంధనలు చెబుతున్నాయి. ఇక్కడ నీలి ఫిషర్ జతకు బిల్లు ఇస్తారు గానీ నమోదు కాగితం ఇవ్వరు. "అది కొన్నోళ్లు చూసుకోవాలె" అన్న జవాబుతో నేను ఆ జతను వదిలేశాను. బడ్జీ తల్లిదండ్రుల్లో దాగిన రంగు దాకా రాసి పెట్టే మనిషి ఈ కాగితాన్ని పట్టించుకోకపోవడం వింతగానే ఉంది.

మెచ్చుకోవలసిన మరో సంగతి, నీలం, పసుపు రామచిలుకలు ఇక్కడ అమ్మరు, ఆర్డరు మీద కూడా తెప్పించరు. మన రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రంగు మారినంత మాత్రాన జాతి మారదు కదా.

గదిలో గాలి బాగా ఆడుతుంది, నీటి గిన్నెలు శుభ్రంగా ఉన్నాయి, కొత్తగా వచ్చిన పక్షులను వేరే గదిలో ఉంచుతారు. కార్డు చెల్లింపు లేదు, యూపీఐ ఉంది. ఆదివారం మెట్ల మీద దాకా జనం ఉంటారు కాబట్టి అట్టముక్కలు చదువుకుంటూ ప్రశ్నలు అడగాలనుకునేవారు పనిదినాల్లో, వెలుతురు ఉండగా వెళ్లడం మేలు.