బాలాజీ కాలనీ ర్యాండమ్ వాక్ క్లాసు: మొదటి ఆదివారం బంగారం, రెండో ఆదివారం జాగ్రత్త

తిరుపతి బాలాజీ కాలనీలో రెండు ఆదివారాలు నడిచే ఈ క్లాసులో ట్రేడింగ్ టిప్స్ ఉండవు. షేర్ల ధరలకు ర్యాండమ్ వాక్ మోడల్‌ని, అంటే ధర రేపు ఎటు కదులుతుందో నిన్నటి కదలికని బట్టి చెప్పలేమనే లెక్కని, ఎక్సెల్‌లో ఎలా కట్టాలో నేర్పుతారు. యూనివర్సిటీలో ఎంబీఏ, స్టాటిస్టిక్స్ చదివే పిల్లలకీ, సొంత డబ్బు పెట్టుకునేవాళ్లకీ పనికొస్తుంది. లాప్‌టాప్ తప్పనిసరి.

మొదటి ఆదివారం పాఠం గట్టిది. ధరను నేరుగా వాడనివ్వరు. ఇవాళ్టి ధరను నిన్నటి ధరతో భాగించి, దానికి ఎల్ఎన్ (సహజ సంవర్గమానం) తీస్తే వచ్చే లాగ్ రిటర్నే అసలు సరుకు. ఎందుకో కూడా చూపిస్తారు: నిన్నటి ధర మీద ఇవాళ్టి ధరకి రిగ్రెషన్ (ఒకదాన్నిబట్టి ఇంకోదాన్ని అంచనా కట్టే గీత) కడితే, అంచనా ఎంత బాగా కుదిరిందో చెప్పే ఆర్ స్క్వేర్ 0.99 దాకా వచ్చి మార్కెట్‌ని పట్టేశామనిపిస్తుంది. అదే రిటర్న్స్ మీద కడితే దాదాపు సున్నా. తర్వాత అసలు నిఫ్టీ గీతని నాలుగు ఉత్తుత్తి గీతల్లో కలిపి, పేర్లు తీసేసి తెర మీద పెడతారు. చార్టులు చూసేవాళ్లు ధర పడబోతోందనడానికి గుర్తుగా చెప్పే 'హెడ్ అండ్ షోల్డర్స్' ఆకారం అందరికీ స్పష్టంగా కనిపించింది, ఎక్సెల్‌లో యాదృచ్ఛిక అంకెలిచ్చే ర్యాండ్ ఫంక్షన్ గీసిన గీతలోనే! ఈ అరగంటకే ఫీజు గిట్టిపోతుంది.

డేటా శుభ్రం చేయడం మాత్రం హడావిడిగా ముగించేశారు. ఇది పెద్ద లోటు. 1:1 బోనస్ (ఉన్న ప్రతి షేరుకీ ఇంకోటి ఉచితం) వచ్చిన రోజు ధర సగమవుతుంది, సరిచేయని డేటాలో ఆ రోజు రిటర్న్ -0.693 పడుతుంది. అయిదేళ్ల డేటాలో అలాంటిది ఒక్కటి మిగిలినా, రోజుకి 1.5 శాతం ఉండాల్సిన స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి రిటర్న్స్ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 2.5 శాతానికి ఎగబాకుతుంది. మన పక్కనున్న బ్యాటరీల కంపెనీ అమరరాజానే తీసుకోండి. 2023లో కంపెనీ పేరుతోపాటు సింబల్ (స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో షేరుకి వాడే పొట్టి పేరు) కూడా మారింది. పాత ఫైళ్లలో పాత సింబలే ఉంటుంది కాబట్టి రెండూ కలిపి అతికించుకోవాలి.

రెండో ఆదివారం సిమ్యులేషన్, అంటే ధర ముందు ముందు పోగల దారుల్ని ఉత్తుత్తిగా గీయడం. నిన్నటి ధర, సగటు రిటర్న్, డీవియేషన్, ర్యాండ్ కలిపి వెయ్యి దారులు గీస్తారు. ర్యాండ్ ప్రతి ఎంటర్‌కీ మారిపోతుంది కాబట్టి, ఫలితాల్ని పేస్ట్ వాల్యూస్‌తో గడ్డకట్టించుకోకపోతే రాసుకున్న అంకె మళ్లీ దొరకదు. అంతవరకూ బాగుంది. కానీ ఆ దారుల మధ్య గీతని 'ఏడాదికి ఇంత వస్తుంది' అన్నట్టు చూపించడం తప్పు. ఏడాది డీవియేషన్ 16 శాతం ఉన్న సూచీకి అయిదేళ్ల డేటాతో సగటు లెక్కిస్తే, స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పేది) 16ని 5 వర్గమూలంతో భాగించినంత, అంటే 7 శాతం పైనే. లెక్కలో 12 వచ్చిందంటే అసలుది -2 కావచ్చు, 26 కూడా కావచ్చు. రోజువారీ బదులు నిమిషాల డేటా తెచ్చినా సగటు తేలదు, ఏళ్లు పెరగాల్సిందే. డీవియేషన్ అలా కాదు, ఏడాది డేటాతోనే బాగా తేలుతుంది. ఈ తేడా చెప్పకుండా మోడల్ నేర్పకూడదు.

ఆ దారులు గీయడానికి వాడే నార్మల్ డిస్ట్రిబ్యూషన్ (గంట ఆకారపు పంపిణీ) సంగతీ అంతే. 2020 మార్చి 23న నిఫ్టీ 12.98 శాతం పడింది. రోజు డీవియేషన్ 1.1 శాతం అనుకుంటే అది దాదాపు 12 రెట్లు, వాళ్ల షీటులో ఎన్ని దారులు గీసినా అలాంటి రోజు రాదు. అసలు రిటర్న్స్‌నే 10–20 రోజుల ముక్కలుగా తీసి అతికిస్తే ఇది చాలావరకు సర్దుకుంటుంది. అల్లకల్లోలం వరసగా వచ్చే గుణం కూడా కొంత నిలుస్తుంది.

ఆండ్రూ లో, క్రెయిగ్ మెకిన్లే అనే ఆర్థికవేత్తలు 1988లో ఇచ్చిన వేరియన్స్ రేషియో పరీక్ష (వేరియన్స్ అంటే డీవియేషన్ వర్గం) చివర పది నిమిషాల్లో ముగిసింది. వారం రిటర్న్ వేరియన్స్‌ని రోజు వేరియన్స్‌కి అయిదు రెట్లతో భాగించాలి, 1 దగ్గరుంటే ర్యాండమ్ వాక్. 1.08 వచ్చిందని ట్రెండ్ దొరికిందని సంబరపడొద్దు: అయిదేళ్ల డేటాలో స్టాండర్డ్ ఎర్రరే 0.06 ఉంటుంది, ఒడుదొడుకులు ఎక్కువున్న కాలంలో ఇంకా పెరుగుతుంది. రోజూ చేతులు మారని చిన్న షేర్లలో పాత ధరే నిలిచిపోయి ఫలితాన్ని తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి, ఈ పరీక్షకి నిఫ్టీ 50లో షేర్లే పట్టుకెళ్లండి.