“తప్పులే రావు” అని అమ్మిన ఏఐ లీగల్ టూల్: కొనేముందు జాగ్రత్త

లా లైబ్రరీకో, లాయర్ ఆఫీసుకో ఏఐ రీసెర్చ్ టూల్ తీసుకుందామనుకునేవాళ్లు సంతకం పెట్టేముందు ఇది చదవండి.

మా లైబ్రరీకి ఏడాది సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నాం. కంపెనీ పేరు రాయడం లేదు, ఇదే పాట పాడేవాళ్లు చాలామందే ఉన్నారు. డెమో అద్భుతం. ప్రశ్నకు జవాబు, కింద తీర్పుల లింకులు. “లింక్ ఉందంటే కల్పితం కాదన్నట్టే” అన్నారు.

లిమిటేషన్ (కేసు వెయ్యడానికి ఉండే గడువు) మీద ఒక లాయర్ గారు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు చూడండి. తీర్పు అసలుదే, లింకూ తెరుచుకుంది. కానీ కోర్టు చెప్పిందంటూ ఎత్తి చూపిన వాక్యం విభేదించిన జడ్జి రాసింది. మెజారిటీ ఒప్పుకోని మాటనే చట్టమని చూపించిందన్నమాట! అసలు లేని కేసయితే వెతికినప్పుడే దొరికిపోతుంది. ఇది తీర్పు మొత్తం చదివితే తప్ప బయటపడదు. ఇంకో జవాబులో పైకోర్టు ఎప్పుడో కొట్టేసిన తీర్పు మొదటి వరసలో కూర్చుంది.

ఫిర్యాదు చేస్తే “ప్రశ్న ఇంకాస్త వివరంగా అడగండి” అన్నారు. ఒప్పందంలోనేమో సరిచూసుకునే బాధ్యత పూర్తిగా కొన్నవాళ్లదేనని ఉంది.

2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో, ఏవియాంకా విమాన సంస్థ మీద నడిచిన కేసులో, చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పులు దాఖలు చేసినందుకు లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. “మాది అలాంటిది కాదు, మా డేటాబేస్‌లోంచే తీస్తుంది” అంటారు అమ్మేవాళ్లు. తీసేది అందులోంచే కావచ్చు, వాక్యాలు అల్లేది మాత్రం చాట్‌జీపీటీ జాతి మోడలే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లాయర్ల కోసమే చేసిన పేరున్న టూల్స్‌ని పరీక్షిస్తే, 17 నుంచి 33 శాతం జవాబుల్లో తప్పుడు సమాచారమో, ఆధారంతో పొసగని మాటో తేలింది.

కొనక తప్పదంటే ట్రయల్ అడగండి. వాళ్ల ప్రశ్నలు వద్దు, జవాబు మీకు ముందే తెలిసినవి వెయ్యండి. రద్దయిన తీర్పు ఒకటి, జడ్జీలు చీలిపోయిన తీర్పు ఒకటి తప్పకుండా ఉండాలి. లేని సెక్షన్ గురించి కూడా అడగండి. “అలాంటిది లేదు” అనకుండా వివరించడం మొదలుపెట్టిందంటే ఇక చూడక్కర్లేదు. క్లయింట్ల వివరాలు ఎక్కడ దాస్తారో, వాటితో మోడల్‌కి శిక్షణ ఇస్తారో లేదో రాతలో తీసుకోండి.

ఇది వస్తే లైబ్రరీలో మనుషుల్ని తగ్గించవచ్చని మీ మేనేజ్‌మెంట్ అనుకుంటుంటే ముందే చెప్పండి: మా దగ్గర సరిచూసే పనంతా లైబ్రేరియన్ల నెత్తినే పడింది. ఆటో రెన్యువల్ షరతు ఒప్పందంలో ఎక్కడో లోపల ఉంటుంది, దాన్నీ వెతకండి.